మెటల్ ఆక్సైడ్లలో డోపింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరి దాటిందంటే హనుమకొండ చుట్టుపక్కల కాలేజీల నుంచి ఎమ్మెస్సీ పిల్లల ఫోన్లు మొదలవుతాయి. "సార్, జింక్ ఆక్సైడ్‌లో కోబాల్ట్ వేశాం. ఇప్పుడేం రాయాలి?" ఎందుకు వేశారో తెలియకుండా వేసి, వేశాక ఏం రాయాలని అడిగితే నా దగ్గర మాత్రం ఏముంటుంది? అందుకే పదేపదే వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు. అయస్కాంతత్వం కొలిపించబోయేవాళ్లు మాత్రం స్టీల్ స్పాచులా సంగతి చదివాకే శాంపిల్ ముట్టుకోండి.

డోపింగ్ అంటే కల్తీయే కదా?

కల్తీయే. కాకపోతే కొలిచి, చోటు చూసి చేసే కల్తీ. పాలల్లో నీళ్లు పోస్తే నీళ్లు పాల పక్కన చేరతాయి, అంతే. డోపింగ్‌లో స్ఫటికం లోపల ఒక పరమాణువును లేపి దాని సీట్లో ఇంకొకదాన్ని కూర్చోబెడతాం. కొత్తగా వచ్చినది తన ఎలక్ట్రాన్ల లెక్క, తన సైజు, తన స్పిన్ (ఎలక్ట్రాన్లకుండే చిన్న అయస్కాంత గుణం) వెంట తెచ్చుకుంటుంది. ఇరుగుపొరుగు పరమాణువులన్నీ దానికి తగ్గట్టు సర్దుకోవాలి. ఎవరొచ్చారన్న దాని కంటే ఏ సీట్లో కూర్చున్నారన్నదే ముఖ్యం. స్థానబలం అంటాం కదా, ఈ పేజీలో సగం జవాబులు ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

నవరత్నాల ఉంగరం చూడండి. అందులోని కెంపు, నీలం రెండూ ఒకే పదార్థం, అల్యూమినియం ఆక్సైడ్. శుద్ధంగా ఉంటే దానికి రంగే ఉండదు. అల్యూమినియం సీట్లలో వందకు ఒకటి కూడా కాదు, అంతకంటే తక్కువ క్రోమియం కూర్చుంటే కెంపు అవుతుంది. ఐరన్, టైటానియం జంటగా చేరితే నీలం అవుతుంది. ఈ రాయికి ఇంగ్లీషులో ఉన్న కొరండం అన్న పేరు మన దక్షిణాది కురువిందం నుంచి పోయిందే. 1960లో ప్రపంచంలో మొదటి లేజర్ వెలిగింది కూడా ఇలాంటి కెంపు కడ్డీతోనే. ఏ వేలికి ఏ రాయి పెట్టుకోవాలన్నది మాత్రం నన్ను అడగొద్దు.

కోనసముద్రం ఉక్కు కూడా డోపింగేనా?

నిజామాబాద్ వైపు పిల్లలు గర్వంగా అడిగే ప్రశ్న ఇది. ఒకప్పుడు కత్తులకు పేరుపడ్డ ఆ ఊరి ఊట్జ్ ఉక్కులో సుమారు ఒకటిన్నర శాతం కార్బన్, దానితో పాటు అతి కొద్దిగా వనేడియం లాంటివి ఉండేవి. కత్తి మీద అలల్లాంటి గీతలు పడటంలో ఆ కొద్దిపాటి వాటికీ చెయ్యి ఉందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. చిటికెడంత మార్పు పెద్ద ఫలితం తెచ్చిందన్న మాట నిజమే. కానీ అది లోహంలో మిశ్రమం. మనం మాట్లాడుతున్నది ఆక్సైడ్ల గురించి.

ఎంత శాతం వేయాలి?

సిలికాన్ చిప్పుల్లో పది లక్షల పరమాణువులకు ఒకటి వేసినా చాలా పెద్ద మార్పే. ఆక్సైడ్లలో సాధారణంగా ఒక శాతం నుంచి పది శాతం దాకా వేస్తారు. మాంగనైట్లలో, అంటే కింద చెప్పబోయే మాంగనీస్ ఆక్సైడ్ల కుటుంబంలో, 30 శాతం కూడా మామూలే, అయితే అంత వేశాక దాన్ని డోపింగ్ అనాలా, మార్పిడి అనాలా అని వాదించేవాళ్లున్నారు.

ఎక్కువ వేస్తే ఎక్కువ ఫలితం వస్తుందనుకోవద్దు. బేరియం టైటనేట్ మామూలుగా బంధకం, అంటే కరెంటు పారనిది. అందులో 0.2, 0.3 శాతం లాంథనం వేసి గాలిలో కాలిస్తే కరెంటు పారుతుంది. ఇంకాస్త పెంచారా, మళ్లీ బంధకమే అవుతుంది. ఎందుకంటే అదనంగా వచ్చిన ఛార్జీని (విద్యుదావేశాన్ని) సరిచేసుకోవడానికి స్ఫటికం ఎలక్ట్రాన్లను వదలకుండా తన లోహపు సీట్లనే కొన్ని ఖాళీ చేసుకుంటుంది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది శాతం అని గుడ్డిగా వరుస పెట్టుకుని వచ్చే ప్రాజెక్టులు చూస్తే నాకు చిరాకు. సున్నాకూ రెండుకూ మధ్యే అసలు కథంతా అయిపోయి ఉండొచ్చు.

కరెంటు పారని ఆక్సైడ్‌లో చిటికెడు కలిపితే ఎలా పారుతుంది?

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది ఎలక్ట్రాన్ మిగలడం. జింక్ ఆక్సైడ్‌లో ప్రతి జింక్ ఆక్సిజన్‌కు రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఆ సీట్లో అల్యూమినియం కూర్చుంటే దాని దగ్గర ఇవ్వడానికి మూడున్నాయి. అక్కడ కావలసింది రెండే. మూడోది ఏ బంధంలోనూ ఇమడక స్ఫటికమంతా తిరుగుతుంది, కరెంటు పారుతుంది. తమాషా ఏమిటంటే అంత కరెంటు పారినా ఆ పొర అద్దంలా పారదర్శకంగానే ఉంటుంది. జింక్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్, అంటే బంధంలోని ఎలక్ట్రాన్‌ను లేపడానికి కావలసిన శక్తి, సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులు. కంటికి కనిపించే కాంతికి అంత శక్తి లేదు, కాబట్టి ఆగకుండా దాటిపోతుంది. మీ చేతిలో ఫోను స్క్రీన్ మీద ఉన్నదీ ఈ కుటుంబమే: బరువులో సుమారు 90 శాతం ఇండియం ఆక్సైడ్, 10 శాతం టిన్ ఆక్సైడ్.

రెండోది ఎలక్ట్రాన్ తగ్గడం. నికెల్ ఆక్సైడ్ శుద్ధంగా ఉంటే లేత ఆకుపచ్చ పొడి, పక్కా బంధకం. కాస్త లిథియం కార్బొనేట్ కలిపి గాలిలో కాల్చండి. క్రూసిబుల్ మూత తీస్తే నల్లటి పొడి కనిపిస్తుంది. మల్టీమీటర్ పెడితే ముల్లు కదులుతుంది.

ఎందుకో చెప్పాలంటే మేడారం జాతర బస్సు ఎక్కాలి. సీట్లన్నీ నిండిపోయాయి, ఒక సీట్లో ఇద్దరు కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోరు. బస్సు నిండా జనమే, అయినా ఎవరూ జరగలేరు. నికెల్ ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్ల గతి అదే. ఒకే నికెల్ మీద ఇంకో ఎలక్ట్రాన్ చేరాలంటే వికర్షణ ఒప్పుకోదు. మామూలు బ్యాండ్ లెక్క ప్రకారం ఇది లోహంలా ఉండాలి, మరి ఎందుకు లేదని 1937లో డి బోయర్, వెర్వే ఎత్తి చూపారు. వికర్షణే కారణమని మాట్ అనే భౌతిక శాస్త్రవేత్త వివరించాడు. ఇప్పుడు లిథియం రంగంలోకి వస్తుంది. నికెల్ రెండు ఇచ్చే చోట అది ఒక్కటే ఇస్తుంది. ఆ లోటు పక్క నికెల్ మీద పడుతుంది, అంటే బస్సులో ఒక సీటు ఖాళీ అయినట్టు. పక్కవాడు అందులోకి జరుగుతాడు, వాడి సీట్లోకి ఇంకొకడు. మనుషులు ఇటు జరుగుతుంటే ఖాళీ అటు ప్రయాణిస్తుంది. దాన్నే హోల్ అంటాం.

ఒకే డోపింగ్ కరెంటునూ అయస్కాంతత్వాన్నీ కలిపి మారుస్తుందా?

మారుస్తుంది. ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. లాంథనం మాంగనీస్ ఆక్సైడ్ తీసుకోండి. చల్లబరిస్తే పొరపొరకూ స్పిన్‌లు ఎదురెదురు తిరిగే బంధకం అది. అందులో +3 లాంథనం సీట్లలో 30 శాతం +2 స్ట్రాన్షియం పెడితే, ఆ మేరకు +3 మాంగనీస్‌లు +4 అవుతాయి. బస్సులో సీట్లు ఖాళీ అయ్యాయన్నమాట. అయితే ఇక్కడ ఒక షరతుంది. గెంతే ఎలక్ట్రాన్ స్పిన్, వెళ్లే చోటి మాంగనీస్ స్పిన్ ఒకే వైపు ఉంటేనే గెంతడం తేలిక. గెంతితే శక్తి ఆదా అవుతుంది. ఆ ఆదా కోసం స్పిన్‌లన్నీ ఒకే వైపు తిరిగిపోతాయి. కరెంటు పారడం కోసమే అయస్కాంతమైనట్టు! 1950లో నెదర్లాండ్స్‌లో జోంకర్, వాన్ సాంటెన్ ఈ పదార్థాలను కొలిచారు. 1951లో జీనర్ దీనికి డబుల్ ఎక్స్ఛేంజ్ అని కారణం చెప్పాడు.

ఈ స్ట్రాన్షియం పదార్థం సుమారు 370 కెల్విన్ దాకా, అంటే 97 డిగ్రీల దాకా ఫెర్రో అయస్కాంతమే, అంటే స్పిన్‌లన్నీ ఒకే వైపు నిలిచిన అసలైన అయస్కాంతం. మన మే నెల ఎండ దాన్నేమీ చేయలేదు. స్ట్రాన్షియం బదులు అంతే కాల్షియం వేయండి. ఛార్జీ అదే +2, శాతం అదే 30. అయినా ఆ హద్దు 250 కెల్విన్ దగ్గరికి, అంటే మైనస్ 20 డిగ్రీలకు పడిపోతుంది. కాల్షియం చిన్నది. దాని చుట్టూ స్ఫటికం ముడుచుకుని మాంగనీస్, ఆక్సిజన్, మాంగనీస్ వరుస వంకర పోతుంది. దారి వంకరైతే గెంతడం కష్టం. ఛార్జీ లెక్క ఒక్కటే చూసి సైజు మరిచిపోయేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ ఇది.

ఏమీ కలపకుండా కూడా డోపింగ్ చేయొచ్చా?

చేయొచ్చు. ఆక్సిజన్ తీసినా, చేర్చినా డోపింగే. 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ లాంథనం కాపర్ ఆక్సైడ్‌లో బేరియం వేసి 30 కెల్విన్ ప్రాంతంలో సూపర్ కండక్టివిటీ, అంటే నిరోధమే లేకుండా కరెంటు పారడం, చూశారు. మరుసటి ఏడాదే వాళ్లకు నోబెల్ వచ్చింది. అదే 1987లో ఇట్రియం, బేరియం, కాపర్ ఆక్సైడ్ వచ్చింది. అందులో ఫార్ములాకు ఆరు ఆక్సిజన్లుంటే బంధకం. ఏడు దగ్గరికి చేరితే 92 కెల్విన్ దగ్గర సూపర్ కండక్టర్, ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్‌తోనే పని జరుగుతుంది. తేడా అంతా ఫర్నేస్‌ను ఆక్సిజన్ వదులుతూ నిదానంగా చల్లబరిచామా, లేదా అన్నదే. సాయంత్రం బస్సు అందదని ఫర్నేస్ తలుపు ముందే తీసేసేవాళ్లు తమకు తెలియకుండానే డోపింగ్ మార్చేస్తున్నారు.

జింక్‌కు అయస్కాంతత్వమే లేదు. నికెల్ ఫెర్రైట్‌లో కలిపితే అయస్కాంతత్వం పెరిగింది. కొలత తప్పా?

తప్పు కాదు. చిన్నప్పుడు మానేరు ఇసుకలో అయస్కాంతం తిప్పితే మీసాల్లా నల్ల పొడి అంటుకునేది గుర్తుందా? అందులో ఎక్కువ భాగం మాగ్నటైట్, అంటే ఐరన్ ఆక్సైడ్. అందులోని +2 ఐరన్ బదులు నికెల్ పెడితే అది నికెల్ ఫెర్రైట్.

ఈ స్ఫటికంలో లోహాలకు రెండు రకాల గదులున్నాయి. నాలుగు ఆక్సిజన్ల నడుమ చిన్న గది, ఆరింటి నడుమ పెద్ద గది. చిన్న గదుల్లోని స్పిన్‌లు ఒక వైపు చూస్తే పెద్ద గదుల్లోనివి దానికి ఎదురుగా చూస్తాయి. తరాజు లెక్క అన్నమాట, బయటికి కనిపించేది రెండు పళ్లేల తేడా మాత్రమే. ఐరన్ బలం 5 బోర్ మాగ్నెటాన్లు (పరమాణువు అయస్కాంత బలానికి కొలమానం), నికెల్ బలం 2. నికెల్ ఫెర్రైట్‌లో చిన్న గదిలో ఒక ఐరన్, అంటే 5. పెద్ద గదుల్లో ఒక ఐరన్, ఒక నికెల్, అంటే 7. తేడా 2.

ఇప్పుడు నికెల్ 0.4 వంతు తీసి జింక్ పెడతాం. జింక్‌కు చిన్న గదే ఇష్టం. నికెల్ ఖాళీ చేసిన పెద్ద గదిలోకి వెళ్లకుండా చిన్న గదిలో దూరి, అక్కడున్న ఐరన్‌ను పెద్ద గదికి తరిమేస్తుంది. చిన్న గదిలో మిగిలిన ఐరన్ 0.6, అంటే 3. పెద్ద గదుల్లో ఐరన్ 1.4, నికెల్ 0.6, అంటే 7కు 1.2 కలిపి 8.2. తేడా 5.2. తనకు బలం లేకపోయినా ఎదుటి పళ్లెం తేలిక చేసి గెలిపించింది జింక్. తరాజుకు రెండు పళ్లేలున్నాయన్న ఈ ఊహ 1948లో నీల్ చెప్పింది. ఆయనకు 1970లో నోబెల్ వచ్చింది.

అలాగని జింక్ నింపుకుంటూ పోతే లెక్క ప్రకారం 10 రావాలి, రాదు. సగం దాటాక చిన్న గదుల్లో ఐరన్ పలచబడి, పెద్ద గదుల స్పిన్‌లను ఒక వరుసలో పట్టి ఉంచేవాళ్లుండరు. అవి వాటిలో అవే పక్కకు వాలిపోతాయి. క్యూరీ ఉష్ణోగ్రత, అంటే అయస్కాంతత్వం పోయే వేడి హద్దు, మొదటి నుంచీ తగ్గుతూనే ఉంటుంది. పూర్తి జింక్ ఫెర్రైట్ గది వేడిలో అయస్కాంతమే కాదు.

జింక్ ఆక్సైడ్‌లో కోబాల్ట్ వేస్తే గది వేడిలో అయస్కాంతం అవుతుందని పేపర్లున్నాయి. నమ్మొచ్చా?

జాగ్రత్తగా. 2000లో ఒక సిద్ధాంతం వచ్చింది: హోల్స్ దండిగా ఉన్న జింక్ ఆక్సైడ్‌లో 5 శాతం మాంగనీస్ వేస్తే గది వేడి దాటి కూడా ఫెర్రో అయస్కాంతం కావచ్చని. 2001లో జపాన్ వాళ్లు కోబాల్ట్ వేసిన టైటానియం డయాక్సైడ్ పొరల్లో అలాంటిది చూశామన్నారు. ఇక పేపర్ల వరదే. తర్వాత చాలా చోట్ల తేలిందేమిటంటే కోబాల్ట్ సీట్లలో కూర్చోకుండా చిన్న చిన్న లోహపు ముద్దలుగా చేరి అయస్కాంతత్వం చూపిస్తోందని. ఖాళీ ఆక్సిజన్ సీట్ల వల్లే వస్తోందనేవాళ్లూ ఉన్నారు, ఆ వాదన ఇంకా తెగలేదు. కోబాల్ట్ పద్ధతిగా జింక్ సీట్లలో కూర్చున్న మంచి పొడి చాలాసార్లు సున్నా గుండా పోయే తిన్నని గీతే ఇస్తుంది, అంటే పారా అయస్కాంతం, బయటి అయస్కాంతం తీసేస్తే ఏమీ మిగలనిది. అది ఓటమి కాదు, డోపింగ్ సరిగ్గా జరిగిందనడానికి గుర్తు.

2004లో హాఫ్నియం ఆక్సైడ్ పొరల్లో, అసలు అయస్కాంత పరమాణువులే లేని చోట, ఫెర్రో అయస్కాంతత్వం కనిపించిందన్నారు. 2005లో ఐబీఎం బృందం అలాంటి పొరలు చేసి చూస్తే ఏమీ కనిపించలేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టకారుతో పట్టుకున్నప్పుడు మాత్రం కనిపించింది!

అది చదివి నవ్వుకున్నాను. ఆ తర్వాత నాకే జరిగింది. 5 శాతం కోబాల్ట్ పొడిలో చక్కటి లూప్ (ఫెర్రో అయస్కాంతానికి గుర్తైన గ్రాఫు) వచ్చింది, ల్యాబులో మిఠాయిలు కూడా పంచాం. వారం తర్వాత ఏమీ కలపని తెల్ల జింక్ ఆక్సైడ్ కొలిపిస్తే దానిలోనూ అదే లూప్! క్రూసిబుల్ అడుగున అంటుకున్న పొడిని స్టీల్ స్పాచులాతో గీకి తీశామని అప్పుడు గుర్తొచ్చింది. లెక్క వేసుకోండి. మీ శాంపిల్ 50 మిల్లీగ్రాములు, గ్రాముకు 0.005 ఇఎంయు (అయస్కాంతత్వాన్ని కొలిచే యూనిట్) చూపించింది. అంటే మొత్తం 0.00025 ఇఎంయు. ఇనుము గ్రాముకు 218 ఇస్తుంది. భాగిస్తే సుమారు ఒక మైక్రోగ్రాము. కంటికి ఆనని ఇనుప రజను చాలు మీ థీసిస్ అంతా రాయడానికి. ప్లాస్టిక్ లేదా చెక్క స్పూన్లు వాడండి. డోపింగ్ లేని శాంపిల్, ఖాళీ హోల్డర్ రెండూ తప్పకుండా కొలిపించండి.

పొడిని ఎక్స్-రేతో పరీక్షిస్తే వచ్చే గ్రాఫులో వేరే పీక్ (శిఖరం) లేదు. డోపింగ్ అయినట్టేనా?

కాదు. ఒకటి రెండు శాతం కంటే తక్కువున్న రెండో పదార్థం మామూలు ఎక్స్-రేకు చిక్కదు. పైగా కాపర్ ట్యూబ్‌తో కోబాల్ట్, ఐరన్ శాంపిళ్లను కొలిస్తే అవి వెలుగుతూ బ్యాక్‌గ్రౌండ్ పైకి లేస్తుంది, చిన్న పీక్‌లు అందులో మునిగిపోతాయి.

పీక్ జరిగిందా అన్నది చూడాలి, నిజమే. జింక్ ఆక్సైడ్‌కు 31.8, 34.4, 36.3 డిగ్రీల దగ్గర మూడు పెద్ద పీక్‌లుంటాయి. జింక్ కంటే పెద్దదైన మాంగనీస్ వేస్తే ఎడమకు జరగాలి. కోబాల్ట్ దాదాపు జింక్ సైజే, దానికి జరగడం పెద్దగా ఉండదు. అయినా "కోబాల్ట్ వల్ల పీక్ జరిగింది" అని రాసుకొస్తారు. హోల్డర్‌లో పొడి కాస్త ఎత్తుగా నింపినా పీక్ జరుగుతుంది బాబూ. చిటికెడు సిలికాన్ పొడి కలిపి దాని పీక్‌తో సరిచూసుకోండి.

ఫర్నేస్ నుంచి తీస్తే జింక్ ఆక్సైడ్ పసుపుగా ఉంది. పాడైందా?

కంగారు పడకండి. జింక్ ఆక్సైడ్ వేడి మీద పసుపుగా మారి, చల్లారితే మళ్లీ తెల్లబడుతుంది. చల్లారాక కూడా ఆకుపచ్చగా ఉంటే అది కోబాల్ట్ పని, జింక్ సీట్లో బాగానే కూర్చుందన్నమాట.

ఇవన్నీ ల్యాబుల్లోనేనా, బయట ఎక్కడైనా ఉన్నాయా?

దోమల మందు మెషిన్‌లో చిన్న బిళ్ల ఉంటుంది. అది డోప్ చేసిన బేరియం టైటనేట్. వేడి ఒక హద్దు దాటగానే దాని నిరోధం వేల రెట్లు పెరిగి కరెంటు తనంతట తనే తగ్గిపోతుంది. రాత్రంతా ప్లగ్గులో ఉన్నా కాలిపోనిది అందుకే. మామూలుగా ఆ హద్దు 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. బేరియం సీట్లలో లెడ్ పెడితే పెరుగుతుంది, స్ట్రాన్షియం పెడితే తగ్గుతుంది.

పరకాల వైపు ఒక లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ మీది ఎల్ఏ (లైట్నింగ్ అరెస్టర్, పిడుగు నుంచి కాపాడేది) చూపించి, "ఇందుల మట్టే ఉంటదంట గద సార్?" అని అడిగాడు. ఒక రకంగా మట్టే. జింక్ ఆక్సైడ్‌లో బిస్మత్, కోబాల్ట్, మాంగనీస్ ఆక్సైడ్లు కొద్దిగా కలిపి కాల్చిన బిళ్లలు. ఇక్కడ అసలు పని చేసేది సీటు కాదు, రేణువుల మధ్య గట్టు. బిస్మత్ సీట్లలో పట్టక గట్ల మీదే ఉండిపోతుంది. ఒక్కో గట్టు సుమారు 3 వోల్టుల దాకా కరెంటును ఆపుతుంది. అలాంటివి వేలకొద్దీ వరుసగా ఉంటాయి. మామూలు వోల్టేజీకి మూసిన తలుపులా ఉండి, పిడుగు పడితే ఒక్కసారిగా తెరుచుకుని భూమిలోకి పంపేస్తుంది. మీ స్పైక్ గార్డ్ విప్పితే కనిపించే గుండ్రటి బిళ్ల దీని చిన్న తమ్ముడు.

రామగుండం ఎండకు ఏదైనా ఉపాయం ఉందా?

వనేడియం డయాక్సైడ్ 68 డిగ్రీల దగ్గర బంధకం నుంచి లోహంలా మారి వేడి కిరణాలను తిప్పికొడుతుంది. ఒక శాతం టంగ్‌స్టన్ వేస్తే ఆ హద్దు 20 డిగ్రీలకు పైగా దిగుతుంది. కిటికీ అద్దాల మీద పూయాలని ప్రయత్నాలు జరుగుతున్నాయి. ప్రస్తుతానికి కూలరే దిక్కు.

కొలతలు ఎక్కడ చేయించాలి?

ఎక్స్-రే, యూవీ పనులకు ముందు నిట్ వరంగల్‌లో గైడ్ ఉత్తరంతో అడిగి చూడండి. అయస్కాంత కొలతలకు ఐఐటీ మద్రాస్‌లోని సైఫ్‌ (బయటివాళ్లకూ కొలతలు చేసిపెట్టే పరికరాల కేంద్రం)కు శాంపిల్ పంపేవాళ్లు ఎక్కువ. అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో కావాలంటే ఇండోర్‌లోని యూజీసీ–డీఏఈ కేంద్రానికి ప్రపోజల్ రాయాలి. మార్చిలో మొదలుపెడితే వైవా లోపు రిజల్ట్ రాదు.

చివరికి ఏ ఆక్సైడ్ తీసుకోమంటారు?

కోబాల్ట్ జింక్ ఆక్సైడ్ వద్దు. నికెల్–జింక్ ఫెర్రైట్ తీసుకోండి. నైట్రేట్లు, సిట్రిక్ యాసిడ్ నీళ్లలో కరిగించి హాట్ ప్లేట్ మీద పెడితే గంటల్లో బంకలా చిక్కబడుతుంది. ఆ తర్వాత బీకరు దగ్గరే ఉండండి. బంక ఉబ్బి, ఒక అంచున నిప్పురవ్వ పుట్టి, చీమలా పాకుతూ మొత్తం కాలిపోతుంది. ఎర్రటి పొగ వస్తుంది, కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. మూడు రెట్లు పెద్ద బీకరు తీసుకోండి, లేదంటే సగం పొడి సీలింగ్‌కు పోతుంది. మిగిలిన నల్లటి బూడిదను కాల్చి, బిళ్లలు నొక్కి మళ్లీ కాల్చండి. జింక్ 0.7 దాకా వేసిన బిళ్ల ఒకటి అయస్కాంతానికి వేలాడదీసి, పక్క నుంచి వేడి గాలి తగిలించండి. క్యూరీ ఉష్ణోగ్రత దాటగానే టక్కున కింద పడుతుంది. చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. వైవాకు వచ్చే ఎగ్జామినర్‌కు గ్రాఫుల కంటే ముందు అది చూపించండి.